తడికి పట్టే బంక

ఎండోస్కోపీ గదిలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు నన్ను అడిగే మొదటి మాట, "ఆ వాసన ఎట్లా భరించారు సిస్టర్?" అని. వాసనదేముంది, వారం తిరక్కముందే అలవాటైపోతుంది. నాకు చివరిదాకా అలవాటు కానిది చీకటి. తెర మీద బొమ్మ బాగా కనపడాలని లైట్లు తీసేస్తాం. రోగి ఎడమ పక్కకు తిరిగి, నోట్లో ప్లాస్టిక్ కట్టు కరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాడు. డాక్టరు తెర చూస్తుంటాడు. సిస్టర్ రోగి తల పట్టుకుని, "ఊపిరి తీసుకో, అయిపోయింది, అయిపోయింది" అంటూ ఉంటుంది. అప్పటికి ఏమీ అయిపోయి ఉండదు.

ఖమ్మంలో అట్లా ఇరవై మూడేళ్ళు తలలు పట్టుకున్నాను. వాళ్ళలో ఒక్కరు కూడా తర్వాత బజార్లో కనపడి నన్ను గుర్తుపట్టలేదు. నా ముఖం చూసి ఉంటే కదా. ప్రసవాల గదిలో చేసే నా తోటి సిస్టర్లకు చీరలు వచ్చేవి, పిల్లలకు వాళ్ళ పేర్లు పెట్టేవాళ్ళు. మా గదిలో నుంచి బయటపడ్డవాడు వెనక్కి తిరిగి చూడడు. తప్పుపట్టను, నేనైనా అంతే చేసేదాన్ని.

ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల సంగతి రాయబోవడం లేదు. అవి ఎవరి ఫైల్లో వాళ్ళకుంటాయి. ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు పనికొచ్చేది ఒక్కటే నా దగ్గరుంది. అది నేను చేసిన తప్పు. దాని చుట్టూ ఉన్నది కూడా కొంత చెప్తాను, లేకపోతే తప్పు అర్థం కాదు.

విడిగా కూర్చునేవాళ్ళు

తిండి గొట్టంలో గడ్డ వచ్చినవాడు మొదట అన్నం మానేస్తాడు. తర్వాత పెరుగన్నం, తర్వాత జావ. ఆఖరికి మంచినీళ్ళు కూడా గుక్క దిగక వెనక్కి వస్తాయి. ఇది పుస్తకంలో ఉంటుంది. ఇంకో మాట పుస్తకంలో ఉండదు. జావ దాకా రాకముందే అతను నలుగురిలో కూర్చుని తినడం మానేస్తాడు. ముద్ద అడ్డం పడి దగ్గుతాడు, ఉమ్ముతాడు, పక్కవాళ్ళు కంచాలు జరుపుకుంటారు. అందుకని ఇంటి వెనక్కి పోయి ఒక్కడే తింటాడు. మా దగ్గరికి వచ్చినవాళ్ళను "ఏం బాధ?" అని అడిగితే సగం మంది గొంతు గురించి చెప్పేవాళ్ళు కాదు. "అందరితోటి తినబుద్ధైతలేదమ్మా" అనేవాళ్ళు.

నాకు ఆ మాట వెంటనే అర్థమయ్యేది. మాది కుసుమంచి దగ్గర పల్లె. అమ్మానాన్న పోయాక అక్కడ నాకంటూ ఎవరూ మిగల్లేదు. పెళ్ళి కుదరలేదు, తర్వాత నేనూ అడగలేదు. ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఒక కంచం, ఒక గ్లాసు. డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని తినేదాన్ని. గొంతులో ఏమీ అడ్డం లేకపోయినా ఒక్కోరోజు ముద్ద దిగేది కాదు. దానికి మందు మా దవాఖానాలో లేదు.

ఆ గడ్డను కోసి తీసే దశ దాటిపోతే, మేం చేయగలిగింది జాలీ గొట్టం పెట్టడమే. పుస్తకాల్లో స్టెంట్ అంటారు. సన్నటి తీగల జాలీ, ముడిచి లోపలికి పంపితే అక్కడ విచ్చుకుని దారి తెరుస్తుంది. రోగం నయం కాదు. ఆరేడు నెలలో, అదృష్టం ఉంటే ఇంకాస్త ఎక్కువో, మనిషి మింగుతాడు. నలుగురిలో కూర్చుంటాడు. అది తక్కువ అనుకునేవాళ్ళు ఈ పనికి రావొద్దు.

పెద్ద డాక్టరు, టిఫిన్ డబ్బా

మా పెద్ద డాక్టరు మంచి హస్తవాసి ఉన్న మనిషి, నోటిదురుసు కూడా అంతే. "గొట్టం పెట్టడం గొప్ప కాదు సిస్టర్, పెట్టిన చోట అది ఉండటం గొప్ప" అనేవాడు. అది నిజం. ఉత్త తీగల జాలీ పెడితే కండ దాని సందుల్లోకి పెరిగి గట్టిగా పట్టుకుంటుంది. అయితే ఆ కండతోపాటు గడ్డ కూడా లోపలికి పెరిగి మళ్ళీ దారి మూసేస్తుంది. అట్లా కాకుండా జాలీ మీద నున్నటి పొర కప్పితే గడ్డ లోపలికి రాదు కానీ, గొట్టం తడి సబ్బులా జారుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తల్లాడ నుంచి ఒక మిరప రైతు వచ్చాడు. పొర ఉన్న గొట్టం పెట్టి పంపాం. పది రోజులకు పొద్దున్నే మా గది ముందు బెంచీ మీద టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉన్నాడు. డబ్బా నా చేతిలో పెట్టి, "మీ సామాను మీకు తెచ్చిన" అన్నాడు. మూత తీస్తే శుభ్రంగా కడిగిన గొట్టం. రాత్రి వాంతిలో వచ్చిందట. "ఖరీదైన వస్తువంటిరి, పారేయబుద్ధి కాలే. మళ్ళ ఇదే పెట్టున్రి, కడిగిన గద!" నాకు నవ్వాగలేదు. పెద్ద డాక్టరు మాత్రం ఆ డబ్బా వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఓడిపోయినప్పుడు ఆయన కోపంగా ఉండేవాడు కాదు. గెలిచిన రోజునే ఆయనతో జాగ్రత్తగా ఉండాలి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కొత్త రకం ఒకటి వచ్చింది. కంపెనీ పేరు మనకు అనవసరం. ఇప్పుడా సరుకు ఎక్కడా దొరకదు. దాని రెండు కొసల మీద జిగురు పూత ఉండేది. పొడిగా ఉన్నప్పుడు వేలితో తాకితే ఏమీ తెలియదు, గరుకు కాగితంలా ఉంటుంది. తడి తగిలితే నిమిషాల్లో మెత్తబడి, లోపలి గోడకు అతుక్కుంటుంది. ఆ పూత కొన్ని రోజులు పట్టి ఉంచితే, ఈలోగా కండ వచ్చి పూర్తిగా పట్టుకుంటుంది. చూపించడానికి వచ్చిన కుర్రాడు నా అరచేతి మీద నీటిచుక్క వేసి ఆ ముక్క అతికించాడు. లాగితే చర్మం సాగింది. తడికి పట్టే జిగురు. ఈ మాట గుర్తుంచుకోండి, నేను ఒకసారి మర్చిపోయాను.

నా నోటి గొప్ప

పెద్ద డాక్టరు రోగులతో మాట్లాడేవాడు కాదు. "సిస్టర్ చెప్తుంది" అని లేచిపోయేవాడు. కాబట్టి చెప్పడం నా పని అయింది. నాకు అది బాగా వచ్చని పేరు కూడా వచ్చింది. మేస్త్రీ వస్తే సెంట్రింగు గురించి చెప్పేదాన్ని. "స్లాబు గట్టిపడేదాకా కర్రలు తీయవు కదా, ఇదీ అంతే." మోటారు మెకానిక్ వస్తే పైపు, వాషరు. పెనుబల్లి వైపు వరి రైతు వస్తే కాలువ, తూము. ఎవరి పనిలో మాట వాళ్ళకు పెడితే కళ్ళు వెలిగేవి. "గిట్ల చెప్తే సమజైతది" అనేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, నేను ఊరంతా నాదే అనుకున్నాను. నా జీవితంలో నాతో మనుషులు తలాడిస్తూ మాట్లాడేది ఆ కాసేపే. అందుకే ఆ మెప్పు నాకు ఎక్కువ రుచించేది. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ళు తల ఊపారా లేదా అనేదే చూసేదాన్ని. ఏం అర్థం చేసుకుని ఊపారో ఎప్పుడూ అడగలేదు.

ముత్తయ్య

భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కోయ గూడెం నుంచి ముత్తయ్య వచ్చాడు. ఏప్రిల్ చివర. యాభై దాటి ఉంటాయి. ఎముకలు తేలి, భుజాలు మాత్రం వెడల్పుగా ఉన్నాయి. వెంట భార్య సమ్మక్క. ఆమె వాళ్ళ భాషలో అతనితో ఏదో అంటుంది, అతను తెలుగులో మాకు చెప్తాడు. ఆమెకు తెలుగు రాదని నేను అనుకున్నాను. అడగలేదు.

చేతికి సూది పెడుతూ ఏం పని చేస్తావని అడిగాను.

"బంక తీస్త సిస్టరమ్మా. తపసి చెట్టు బంక. చెట్టుకు గాటు పెడితె కారుతది. ఎండకు ఆరుతది. ఆరినంకనే తీయాలె. పచ్చిగున్నప్పుడు ముట్టుకుంటె ఖరాబైతది. వాన పడ్డదా, ఇగ అయిపోయినట్టే."

"ఇంత ఎండలోనా?"

"ఎండ ఉంటేనే గద బంక!" అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మెల్లగా, "కొత్తలకు కూసోవాలె సిస్టరమ్మా. పోయినేడు నేను ఎనకకు పోయి కూసున్న" అన్నాడు. కొత్తలంటే వాళ్ళ కొత్తల పండుగ, కొత్త పంట అందరూ కలిసి మొదటిసారి తినే రోజు. అది పంట చేతికొచ్చినప్పుడు. ఇంకా ఆరు నెలలుంది. ఉండగలడని మా లెక్క.

జిగురు పూత గొట్టమే పెట్టాం. ఇంత చక్కగా కూర్చున్న గొట్టం ఆ ఏడాది ఇంకోటి లేదు. పెద్ద డాక్టరు చేతి తొడుగులు తీస్తూ ఈల వేశాడు.

మా గదిలో ఒక పద్ధతి ఉండేది. మర్నాడు ఇంటికి పంపేముందు రోగికి మా ఎదుటే గ్లాసుడు నీళ్ళు తాగించాలి. గొట్టం పని చేస్తోందని మాకు తెలుస్తుంది, తాగవచ్చని అతనికి తెలుస్తుంది. మర్నాడు పొద్దున ముత్తయ్య నా ముందు నిలబడ్డప్పుడే రక్తం కక్కుకుంటున్న మనిషిని స్ట్రెచర్ మీద తెచ్చారు. పెద్ద డాక్టరు లోపల నుంచి నన్ను పిలుస్తూ కేకలేస్తున్నాడు. ఎక్స్‌రేలో గొట్టం బాగానే ఉంది. గ్లాసు సంగతి వదిలేశాను. నిలబడే చెప్పాను.

"ముత్తయ్యా, నీకు పెట్టింది బంక గొట్టం. బంక పట్టేదాక జర పైలం. గట్టిగ ఏం మింగకు."

"బంకనా?" అతని ముఖం విచ్చుకుంది. "బంక పట్టాలంటె ఎన్ని దినాలు?"

"నాలుగు దినాలు."

"అవ్, బంక సంగతి నాకెరుకే" అన్నాడు. భార్య వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె కూడా తలూపింది. నేను సంతోషంగా లోపలికి పరుగెత్తాను. ఎంత బాగా చెప్పానో అనుకున్నాను కూడా, నిజం దాచడమెందుకు.

అయిదో రోజు

అయిదో రోజు మధ్యాహ్నం అతన్ని తెచ్చారు. గూడెం నుంచి మంచం మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపులో. చర్మం చిటికెతో పట్టి వదిలితే అట్లాగే నిలబడిపోతోంది. నాలుక చెక్కలా ఉంది. రెండు రోజులుగా మూత్రం లేదట. గొట్టం జారిందేమోనని వార్డువాళ్ళు మా గదికి పంపారు. ఎక్స్‌రే చూశాం. ఎక్కడ పెట్టామో అక్కడే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు.

"దారి తెరిచే ఉంది కదా, నీళ్ళు తాగడానికేం రోగం?" అని అరిచాడు పెద్ద డాక్టరు. "వీళ్ళకు చెప్పీ చెప్పీ నోళ్ళు పోవాలె. అడవోళ్ళు ఒక్క మాట వింటారా?" ఫిల్మ్ విసిరేసి, సెలైన్ రాసి వెళ్ళిపోయాడు.

నేను సెలైన్ ఎక్కిస్తుంటే ముత్తయ్య కళ్ళు తెరిచాడు. గొంతు గాలిలా వచ్చింది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"బంక ఆరిందా సిస్టరమ్మా?"

నాకు ముందు అర్థం కాలేదు.

"నాలుగు దినాలు తడి తగలనియ్యలే" అన్నాడు.

బంక ఆరితేనే పట్టుకుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు తడి తగిలితే పాడైపోతుంది. అతని బతుకంతా నేర్చుకున్న విద్య అది. నేనేమో తెలివిగా అతని మాటే తీసుకుని అతని చేతిలో పెట్టాను. మే నెల ఎండలో, అంత దాహంలో, నాలుగు రోజులు అతను నా మాటను కాపలా కాశాడు. పెద్ద డాక్టరు అన్నది శుద్ధ అబద్ధం. నా సర్వీసులో నేను చెప్పింది చెప్పినట్టు విన్న రోగి అతనొక్కడే.

"పట్టింది ముత్తయ్యా, బాగ పట్టింది" అన్నాను. చెంచాతో నీళ్ళు పోశాను. గుటక వేశాడు. లోపలికి దిగడం అతనికి తెలిసింది, ముఖంలో చూశాను. ఇంకో చెంచా అడిగాడు. అతని తల వెనక సమ్మక్క నిలబడి ఉంది. తల దించుకుని ఉంది.

మూత్రపిండాలు తిరిగి పని చేయలేదు. అప్పట్లో డయాలసిస్ మా దగ్గర లేదు. హైదరాబాదు తీసుకెళ్ళమన్నారు, వాళ్ళకు దారి తెలియదు, నేనూ చూపలేదు. మూడో రోజు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

తలుపు

శవాన్ని తీసుకుపోయే ముందు సమ్మక్క మా గది తలుపు దగ్గరికి వచ్చింది. వాళ్ళ భాషలో ఏదో అంటోంది, చేతులు దోసిలి చేసి చూపిస్తోంది. ఏడుపులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. నన్ను అడగడానికి వచ్చిందనుకున్నాను, "నువ్వే కద చెప్పింది" అని. లోపల పేషెంటున్నాడని చెప్పి తలుపు వేసుకున్నాను. లోపల ఎవరూ లేరు. లైటు కూడా వేసుకోకుండా ఆ చీకట్లో నిలబడ్డాను, ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా.

కేసు షీటులో 'రోగి సూచనలు పాటించలేదు' అని రాసి ఉంది. నేను దిద్దించలేదు. ఎవరైనా అడిగితే చెప్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆదివారం చర్చిలో అందరం కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చదువుతాం. మాటతోను, క్రియతోను అని వస్తుంది అందులో. నూరు గొంతులతో కలిపి చెప్తుంటే ఎవరి పాపం ఏదో ఎవరికీ వినపడదు. నాకు అది చాలా సుఖంగా ఉండేది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం సుఖం ఉండేది కాదు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ అతను గుర్తొచ్చేవాడు. చెప్పుకోవడానికి ఎవరున్నారని చూస్తే ఎవరూ లేరు. ఒంటరిదాన్నని అంతకుముందు తెలుసు, ఎంత ఒంటరిదాన్నో అప్పుడు తెలిసింది.

పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. నీళ్ళ గ్లాసు తాగకుండా ఒక్కరినీ గడప దాటనివ్వలేదు, లోపల ఎవరు రక్తం కక్కుతున్నా సరే. చెప్పింది రోగి చేతా, ఇంటివాళ్ళ చేతా తిరిగి నాకే చెప్పించుకున్నాను. దాంతో ఆలస్యమవుతోందని పెద్ద డాక్టరు తిట్టేవాడు. తిట్టనిచ్చాను. కారణం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ రెండూ మీరు కూడా చేయండి. అంతటితో నా తప్పు తీరిపోయిందని మాత్రం నేను అనుకోలేదు, మీరూ అనుకోవద్దు.

గూడెం

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, పాత రిజిస్టర్లో ఊరి పేరు చూసుకుని బయలుదేరాను. ఎక్కడికని ఇంటి ఓనరమ్మ అడిగితే దేవుడి దర్శనానికన్నాను. నేను చర్చికి పోయేదాన్నని ఆమెకు తెలుసు. ఎగాదిగా చూసి ఊరుకుంది. భద్రాచలంలో దిగి, ఆటోలో కొంత దూరం, అక్కడి నుంచి నడక.

సమ్మక్క ఇల్లు గూడెం చివర. నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఇరవై మూడేళ్ళలో నా ముఖం గుర్తుపట్టింది ఆమె ఒక్కతే. లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాను. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను, అన్నీ పోయాయి.

"నువ్వెందుకొచ్చినవో నాకెరుకే" అంది. తెలుగులో. నేను తెల్లబోయాను.

"నీకు తెలుగొచ్చా అక్కా?"

"ఎందుకు రాదు? సంతల బంక అమ్మేది నేనే. ఆయనకు అడివి తప్ప బేరం తెల్వది." మళ్ళీ కూర్చుని చింతపండు పక్కకు జరిపింది. "నేను చేసిన పని నీకు ఎరుకైంది. అందుకే వచ్చినవ్."

"నువ్వేం చేసినవ్?"

"నీళ్ళు పోసిన."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మూడో దినం మాపటేళ. పెదాలు పలిగి నెత్తురొస్తున్నది. వద్దు వద్దని తల తిప్పిండు. సిస్టరమ్మ చెప్పింది, బంక ఖరాబైతది అన్నడు. నాకు చూడబుద్ధి కాలే. కండ్లు మూసుకున్నంక దోసిలితోటి పోసిన. రెండు దోసిళ్ళు. తెల్లారి ఇగ లేవలే. అక్కడ నీతోటి తడి తగలనియ్యలే అని చెప్తుంటె నేను ఎనకాల్నే నిలబడ్డ. ఆయనకు తెల్వది. నేనే బంక ఊడగొట్టిన. నీకు చెప్తమని గదికాడికొస్తే ఏడుపుల మా మాటే వచ్చె, నువ్వు తలుపేసుకున్నవ్."

ఆ రోజు ఆ దోసిలి నన్ను అడగడానికి కాదు. తన తప్పు ఒప్పుకోవడానికి.

"ఇక్కడికొచ్చి మా ఆడిబిడ్డకు చెప్పిన, దాచుకోలేక" అంది. అటువైపు దడికి అవతల ఉన్న ఇల్లు చూపించింది. "నా తమ్మున్ని చంపినవ్ అన్నది. ఆ దినం నుంచి మాట లేదు. ఆమెను చూసి ఊరోళ్ళు గూడ. కొత్తలకు నన్ను పిలవలే. ఇంట్లనే ఉన్న."

నేను ఏడాదిపాటు దాచుకున్నది నా దగ్గరే ఉందనుకున్నాను. అది ఇక్కడ ఈమె నెత్తిన ఉంది.

"అక్కా, నీళ్ళకు ఊడలే. అది తడికి పట్టే బంక. మీ బంక లెక్క ఎండకు ఆరేది కాదు. నీళ్ళు తాగొచ్చు, మొదటి దినమే తాగొచ్చు. నేను చెప్పలేదు. తప్పు నాది, నీది కాదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "తాగొచ్చా?"

"అవ్."

"మరి నేను ఇంకిన్ని పోసుంటె?"

ఇట్లాంటి చోట చెప్పాల్సిన అబద్ధాలు నాకు నోటికి వచ్చు. ఎట్లాగూ పెద్ద రోగం, రాత అట్లా ఉంది, మనం చేసేదేముంది. అవి చెప్పి ఎంతోమందిని ఇంటికి పంపాను. ఆమె ముందు నోరు రాలేదు.

"బతికేటోడు" అన్నాను. "ఎక్కువ రోజులు కాదు. ఆరేడు నెలలు."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అయితె కొత్తలు తినేటోడు" అంది.

తిట్టలేదు. ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేది, దానికి సిద్ధపడే వచ్చాను. కాసేపటికి లేచి చీర దులుపుకుంది. నేను కూడా లేవబోయాను. "నువ్వు రాకు" అంది.

దడి దాటి ఆ ఇంటి ముందు నిలబడి పిలిచింది. లోపల నుంచి పలుకు లేదు. మళ్ళీ పిలిచి, తలుపుకే చెప్తున్నట్టు వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో 'బంక' అన్న మాట ఒక్కటే నాకు తెలుస్తోంది. చాలాసేపటికి ఒక ముసలామె బయటికి వచ్చింది. సమ్మక్క ముఖంలోకి చూసింది, తర్వాత దడి మీదుగా నా వైపు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను, అయినా తల దించలేదు. తర్వాత ఆమె అక్కడే గడప మీద కూలబడింది. సమ్మక్క పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు. పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, అతను పోయిన రోజే ఏడ్చినట్టు ఏడ్చారు.

ఎవరూ నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి రోడ్డు వైపు నడిచాను. ఆ ఏడుపు చాలా దూరం వినపడింది. అది వాళ్ళు ఏడాది కిందటే కలిసి ఏడవాల్సిన ఏడుపు. ఆ రోజు నేను తలుపు వేసుకోకుండా ఉంటే ఏడ్చి ఉండేవాళ్ళు.